తిరుపతిలో పాత చీరలతో కుట్టించుకున్న బొంతలు: ఒక ఎండాకాలం, ఒక చలికాలం వాడాక

కొర్లగుంటలో ఒక సందు చివర, మిద్దె మీది గదిలో కూర్చుని చేత్తో బొంతలు కుట్టే ఒక అక్క ఉన్నారు. పాత చీరలు మనం ఇవ్వాలి, దారం ఆమెది. బోర్డు లేదు. తన పేరూ నంబరూ ఎక్కడా రాయొద్దన్నారు, ఉన్న పనికే చేతులు చాలడం లేదట. ఆ చుట్టుపక్కల టైలరింగ్ షాపుల్లో ఎవరినడిగినా దారి చూపిస్తారు. ఆమె దగ్గర మేం ఒక సింగిల్, ఒక డబుల్ కొత్తవి కుట్టించుకున్నాం. మా అవ్వ చేతి బొంత ఒకటి బాగు చేయించుకున్నాం. బొంత మంచీ చెడూ నాలుగు ఉతుకులు పడితేగానీ తెలియదు కాబట్టి, ఒక ఎండాకాలం, ఒక చలికాలం పూర్తిగా వాడాక ఇది రాస్తున్నాను.

ముందు ధర చెప్పేస్తాను. సింగిల్‌కి 1,500 రూపాయలు, డబుల్‌కి 2,400. పాతదాని మరమ్మతుకు 600. ఆన్‌లైన్‌లో చూడ్డానికి ఉబ్బెత్తుగా ఉండే కంఫర్టర్ ఇంతకంటే తక్కువకే వస్తుంది. కానీ లోపలా బయటా పాలిస్టర్. తిరుపతి ఉక్కలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే దాని కింద పది నిమిషాలు పడుకోలేం. రోజుల తరబడి నేల మీద వంగి కుట్టే పనికి 1,500 ఎక్కువని ఎవరైనా అంటే, ఒక్క గంట ఆమె పక్కన కూర్చుని చూడమంటాను. నా లెక్కలో ఆమె తక్కువే తీసుకుంటున్నారు. ఆ మాట ఆమెతోనే అన్నాను కూడా.

మేం తీసుకెళ్లినవి అమ్మ చీరలు. అమ్మ పలమనేరు దగ్గర పల్లెలో ఉండేది. నాన్న పోయాక మా దగ్గరికి వచ్చేసింది, వస్తూ ట్రంకుపెట్టె నిండా నూలు చీరలు తెచ్చుకుంది. ఇక కట్టదు, అలాగని ఎవరికీ ఇవ్వదు. నాన్న కట్టుకున్న నగరి లుంగీలు కూడా అందులోనే ఉన్నాయి. అన్నీ కలిపి మూట కట్టి తీసుకెళ్లాం.

అక్క మూట విప్పగానే రేటు చెప్పలేదు. ఒక్కో చీరనూ కిటికీకి అడ్డంగా పట్టి చూశారు. నలిగి పలచబడిన చోట వెలుతురు ఎక్కువ దిగుతుంది, అక్కడ బొటనవేళ్లతో అడ్డంగా లాగుతారు. చిరిగితే ఆ ముక్క కత్తెరకి పోతుంది. అనుమానం వచ్చిన చీర నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చారు. నూలు పోగైతే కాగితం కాలిన వాసన వేసి బూడిదైపోతుంది. పాలిస్టర్ కలిసినదైతే కరిగి నల్లటి ఉండ కడుతుంది. అచ్చం నూలు అని అమ్మ ఇన్నేళ్లూ నమ్మిన రెండు చీరలు ఆ పరీక్షలో పోయాయి. వెంకటగిరి చీర ఒకటి ఉంటే దాని జరీ అంచు కోసి, చుట్ట చుట్టి మా చేతికే ఇచ్చేశారు. "జరీ మెడకు గీసుకుంటాదమ్మా. ఉతికేటప్పుడు పక్క బట్టను కూడా కోసేస్తాది" అన్నారు. పట్టు చీరలు అసలు మూటలోంచి తీయనేలేదు. మడతల్లో పట్టు చిట్లిపోతుందని, కుట్టినా నిలవదని చెప్పారు. అంతకుముందు ఇంకోచోట అడిగితే చీరలు చూడకుండానే, ఏవైనా తెచ్చెయ్యండి కుట్టేస్తాం అన్నారు. ఆ తేడా చూసే ఈమెకి ఇచ్చాం.

చినిగిన భాగాలు తీసేయగా సింగిల్‌కి మూడు చీరలు, డబుల్‌కి అయిదు పట్టాయి. రెండింటికీ ఐదేసి పొరలు. గట్టి బట్ట పైనా కిందా, బాగా మెత్తబడినది మధ్యలో. లుంగీలు లోపలి పొరల్లోకి వెళ్లిపోయాయి. నాన్న గళ్ల లుంగీ ఒకటి బయటికి కనబడేట్టు పెట్టమని అమ్మ అడిగితే, సింగిల్ బొంత తలవైపు మూలన ఒక చదరం అతికారు. దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు.

కుట్టు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. నేల మీద పొరలన్నీ ముడత లేకుండా పరిచి, కదలకుండా ముందు పొడుగు టాకాలు వేస్తారు. తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి నాలుగు వైపులా తిరుగుతూ వరస తర్వాత వరసగా లోపలికి వస్తారు. చివరి కుట్టు నడిమధ్యలో పడుతుంది. అప్పుడు టాకాలు లాగేస్తారు. వరసకీ వరసకీ మధ్య వేలెడు ఎడం. దారం కూడా నూలుదే. పాలిస్టర్ దారం తెగకపోయినా, పాత నూలు బట్టను అదే కోసేస్తుందని ఆమె నమ్మకం. మెషిన్ మీద కుట్టిన బొంతలు బజారులో దొరుకుతాయి, మా తోటికోడలి ఇంట్లో ఒకటుంది. అది చదునుగా, బిగుసుకుని ఉంటుంది. చేతికుట్టులో కాస్త వదులుంటుంది. ఆ వదులు వల్లే బొంత ఒంటి మీద వాలి పడుతుంది, పొరల మధ్య గాలి నిలిచి వెచ్చగా ఉంటుంది. మా సింగిల్ తూకం కిలోన్నర ఉంది. ఒంటి మీద కాస్త బరువుంటేనే నిద్రపట్టేవాళ్లకి ఈ మాట అర్థమవుతుంది.

బొంతలు ఇంటికొచ్చిన రోజు అమ్మ వాటిని చేత్తో తడిమి చూసి, నాలుగు మడతలు పెట్టి, పాత దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టేసింది. "ఇంత బాగా కుట్టింది, నేల మీద వేసుకుంటామా? పాప పెళ్లికి ఇద్దాంలే" అంది. పాప ఎనిమిదో తరగతి. నేను డ్యూటీ నుంచి వచ్చి మళ్లీ బయటికి తీశాను. దీని మీద ఇంట్లో చాలా వాదన నడిచింది. నా వైపు సాక్ష్యం మా అవ్వ బొంతే.

అవ్వ, అంటే అమ్మవాళ్లమ్మ, పొలం పనులు లేని ఎండాకాలంలో వేపచెట్టు కింద కూర్చుని బొంతలు కుట్టేది. ఆమె పోయాక అమ్మకొకటి, పెద్దమ్మకొకటి వచ్చాయి. రెండూ ఒకే చేతివి, దాదాపు ఒకే కాలంవి. అమ్మ తన వాటాను ప్రాణంగా చూసుకుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కలరా ఉండలు వేసి, బీరువా పై అరలో దాచింది. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి తీసి చూసి, మళ్లీ అవే మడతల మీద పెట్టేసేది. పెద్దమ్మ మాత్రం రోజూ మంచం మీద వేసుకుంది, మనవళ్లను పడుకోబెట్టింది, వడ్లు ఆరబోసింది. పై బట్ట పోతే కొత్త బట్ట వేసి దాని మీద మళ్లీ కుట్టింది.

పెద్దమ్మ బొంత ఇప్పటికీ వాళ్ల మంచం మీద ఉంది. పైన వేరే చీరలు, లోపల అవ్వ కుట్లు. అమ్మ బొంతను మేం కొర్లగుంట తీసుకెళ్లి విప్పితే మడత పడిన గీతల వెంట నిలువునా అడ్డంగా తెగిపోయి ఉంది. మధ్య పొరలో గంజి పెట్టిన పంచె ఉన్న చోటంతా పురుగు తినేసింది. చివరిసారి కప్పుకున్నాక ఉతక్కుండా దాచారేమో, చెమట మరకలు గోధుమ రంగుకి మారి బట్ట అక్కడ పెళుసెక్కింది.

అక్క దాన్ని ఒళ్లో వేసుకుని చాలాసేపు చూశారు. "బీరువాలో పెట్టి పాడు చేసినారు కదమ్మా. కప్పుకోనుంటే ఇంకా ఏండ్లు వచ్చుండేది" అన్నారు. అమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క కంగారుపడలేదు, ఓదార్చలేదు. ఏం చేయొచ్చో చెప్పారు. ఒకే చోట ఏళ్ల తరబడి మడిచి ఉంచితే నూలు అక్కడ తెగుతుందని, ప్లాస్టిక్ లోపల చెమ్మ చిక్కుకుంటుందని, గంజి ఉంటే పురుగుకి అన్నం పెట్టినట్టేనని వివరంగా చెప్పారు. తెగిన గీతల కింద అమ్మ చీర ముక్కలు పట్టీల్లా వేసి, అవ్వ కుట్లు విప్పకుండా పక్కనే కొత్త కుట్లు వేశారు. పురుగు తిన్న భాగం తీసేశారు. బొంత ఒక మూర పొట్టిదైంది. మెషిన్‌లో వేయొద్దు, పిండొద్దు, పరుచుకోవడానికి వాడండి అన్నారు. ఈ 600 రూపాయల పనే నాకు అన్నిటికంటే నచ్చింది. కొత్తది కుట్టేవాళ్లు ఇంకెవరైనా దొరుకుతారేమో. ఇంకొకరి కుట్లకు మర్యాద ఇచ్చి మరమ్మతు చేసేవాళ్లు దొరకడం కష్టం.

ఆ రోజుల్లోనే అమ్మకు ఒక సంగతి చెప్పాను. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడ నల్లజాతి రైతు కుటుంబాల ఆడవాళ్లు చలిగాలి దూరే చెక్క ఇళ్లలో, పాత పని బట్టలతో బొంతలు కుట్టి పిల్లలకు కప్పేవారు. 1942లో మిస్సౌరీ పెట్‌వే అనే ఆమె, చనిపోయిన భర్త పొలం పనికి వేసుకున్న బట్టలతోనే ఒక బొంత కుట్టింది. ఆయన గుర్తుగా దాన్ని కప్పుకుని పడుకోవాలనే కుట్టుకుంది. 2002లో ఆ ఊరి బొంతలను హ్యూస్టన్‌లో, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకు కట్టి చూపించారు. 2006లో వాటి బొమ్మలతో అమెరికా పోస్టల్ స్టాంపులు కూడా వేసింది. జనం నిలబడి చూసిన ఆ బొంతల్లో చాలావాటికి వెలిసిన గుడ్డలు, అరిగిన అంచులు ఉన్నాయి.

అమ్మ స్టాంపుల సంగతి పట్టించుకోలేదు. "ఆయన బట్టలే కప్పుకునిందా?" అని మాత్రం అడిగింది. ఆ రాత్రి సింగిల్ బొంత అడిగి తీసుకుంది. లుంగీ చదరం తలవైపు వచ్చేట్టు వేసుకుంటుంది.

ఇక మా వాడకం. నేను ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని, నైట్ డ్యూటీలు ఎక్కువ. పొద్దున వచ్చి పగలు పడుకోవాలి. మే నెలలో ఏసీ 26లో పెట్టి డబుల్ బొంత నడుం దాకా వేసుకుంటే మధ్యాహ్నం దాకా నిద్ర చెడదు. చెమట పడితే నూలు పీల్చుకుంటుంది, ఒంటికి అతుక్కోదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కొండ వైపు నుంచి వచ్చే చలికి మెడ దాకా లాక్కుంటాం. తిరుపతిలో గట్టి చలి ఎన్నాళ్లుంటుంది? చలికాలం కోసమే అని దాచిపెడితే ఏడాదిలో పదకొండు నెలలు బీరువాలోనే గడిచిపోతాయి. అందుకే మేం దాన్ని పరుపుగా, దుప్పటిగా, పిల్లలు నేల మీద కూర్చుని చదువుకునే చాపగా అన్నిటికీ వాడుతున్నాం. నారాయణాద్రి రైల్లో హైదరాబాద్ వెళ్లినప్పుడు సింగిల్ బొంత చుట్టి తీసుకెళ్లాను. స్లీపర్ బెర్తు మీద పరిచి, మిగిలిన సగం కప్పుకున్నాను.

తిరుపతిలో ఇల్లుంటే దర్శనానికి వచ్చే బంధువులకి మన హాలే సత్రం. మొన్న మా ఆడపడుచు కుటుంబం వాళ్ల బాబు పుట్టువెంట్రుకలకి వచ్చింది. కొండ దిగేసరికి రాత్రయింది. హాలంతా బొంతలు పరిచేశాం. గుండు చేయించుకున్న బాబును, వాళ్ల నాన్నను, తాతను వరసగా పడుకోబెట్టాం. తెల్లారి లేచి చూస్తే డబుల్ బొంత మీద మూడు చోట్ల గుండు గంధం. అమ్మ చూసి నొచ్చుకుంది. చల్లటి నీళ్లలో ఒక పూట నానబెట్టి, మామూలు సబ్బుతో రుద్దితే రెండు మరకలు పూర్తిగా పోయాయి. ఒకటి లేత పసుపుగా ఉండిపోయింది. నాకది అలా ఉండటమే ఇష్టం. ఆ బాబు పెద్దయ్యాక చూపిస్తాను, ఇది నీ గుండు గంధం మరక అని.

ఉతకడం గురించి అందరూ అడుగుతారు. సింగిల్ మా ఏడు కిలోల మెషిన్‌లో పడుతుంది. తక్కువ స్పిన్ పెట్టాలి, వేడి నీళ్లు వద్దు. డబుల్ తడిస్తే ఒక్కరు ఎత్తలేరు. దాన్ని మిద్దె మీద టబ్బులో నానబెట్టి తొక్కి, పిట్టగోడ మీద పరుస్తాం. దండెం మీద వేలాడదీస్తే నీళ్ల బరువుకి కుట్లు సాగుతాయని అక్క చెప్పారు. పిట్టగోడ మీద మన ఎండకి ఒక్కరోజులో ఆరిపోతుంది, కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేస్తే రంగు వెలుస్తుంది కాబట్టి తిరగేసి వేయాలి. లోపలి పొర ఆరకుండా మడిస్తే ముక్క వాసన పట్టుకుంటుంది. వానాకాలంలో నేను డబుల్‌ని ఉతకను, ఎండ వచ్చినప్పుడు విదిలించి ఆరేస్తాను. మడిచి పెట్టాల్సి వస్తే ప్రతిసారీ మడత చోటు మారుస్తాం. కవర్ వద్దు, పాత నూలు పంచె చుట్టడం చాలు.

లోపాలూ చెప్పాలి. మొదటిది, చెప్పిన రోజుకి ఇవ్వరు. దసరాకి ఇస్తానన్నవి కార్తీకం నడుమకి వచ్చాయి. ఫోన్ చేస్తే "కుడతా ఉండానమ్మా" అంటారు, నిజంగా కుడుతూనే ఉంటారు, కానీ తేదీ మాత్రం చెప్పరు. పెళ్లికో సీమంతానికో ఇవ్వాలనుకుంటే టెన్షన్ తప్పదు, చాలా ముందు ఇవ్వండి. రెండోది, డబుల్ బొంతలో ఒక వైపు కుట్లు మిగతావాటికంటే పొడుగ్గా పడ్డాయి. సాయానికి ఉన్న కోడలు కుట్టిన భాగమట. ఆ వైపే ఒక వరస త్వరగా ఊడింది. తీసుకెళ్లి చూపిస్తే డబ్బు అడక్కుండా అక్కడే కూర్చుని మళ్లీ కుట్టిచ్చారు. మూడోది, ఎర్ర చీర రంగు. ఉప్పునీళ్లలో నానబెట్టి చూసే తీసుకున్నారు, అయినా మొదటి ఉతుకులో పక్కన తెల్ల చీర ముక్కకి గులాబీ రంగు అంటుకుంది. ముదురు ఎరుపు, ముదురు నీలం ఇచ్చేవాళ్లు ఇంట్లో ముందే రెండు మూడు సార్లు ఉతికి, నీళ్లు తేటగా వచ్చాకే ఇవ్వడం మంచిది. గది ఎక్కే మెట్లు ఇరుకు, పెద్దవాళ్లకి కష్టం. అమ్మను పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది.

రంగులు, డిజైను మనం కాగితం మీద గీసి ఇచ్చినట్టే రావాలనుకుంటే ఈమె సరిపోరు. ఉన్న బట్ట బలాన్ని బట్టే ఏ ముక్క ఎక్కడ వేయాలో తేలుస్తారు. గోడకు తగిలించుకోవడానికి కావాలని ఒకరు అడిగితే ఒప్పుకోలేదట. ఎంత పొడుగు మనిషి కప్పుకుంటాడో చెప్పకపోతే కొలత ఎలా తీసుకునేదని అడిగారట. నాకా ప్రశ్న చాలా నచ్చింది. మా ఆయన ఆరడుగులు, డబుల్‌ని అందుకే ఒక జానెడు పొడుగు పెంచారు.

ఇప్పుడు మూడోది ఇచ్చాం, మా తమ్ముడి కొడుకు హాస్టల్‌కి. వాడి చిన్నప్పటి చొక్కాలు, వాళ్లమ్మ చీరలు. తమ్ముడు కూడా హాస్టల్లో పాడు చేస్తాడేమో అన్నాడు. చిరిగితే సెలవులకి వచ్చినప్పుడు కొర్లగుంట తీసుకెళ్లమన్నాను.

వెళ్లేవాళ్లకి: చీరలు గంజి పోయేదాకా ఉతికి, ఫాల్ విప్పి తీసుకెళ్లండి, ఫాల్ విప్పడానికి ఆమె విడిగా డబ్బు తీసుకుంటారు. సింగిల్‌కి నాలుగు, డబుల్‌కి ఆరు చీరలు పట్టుకెళ్తే ఏరివేతకి పోగా సరిపోతాయి. కప్పుకునే మనిషి ఎత్తు, మంచం కొలత రాసుకెళ్లండి. సగం డబ్బు ముందు ఇవ్వాలి, ఫోన్‌పే ఉంది. మే నెలలో గంగజాతర వారం పని ముట్టుకోరు. మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి. వెలుతురు బాగున్నంతసేపూ కుట్టు మీదే ఉంటారు, మాట్లాడటానికి చెయ్యి ఆపరు.